లైటు ఆర్పి తీసిన ఫొటో

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి పగటిపూట నడిమి గదిలో లైటు వేయకపోవడం నాకు అలవాటు. మా ఆయన శివశంకర్ ఎయిర్‌పోర్టులో సరుకులు ఎక్కించే పని చేసేవాడు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. తెల్లారి కంపెనీ బస్సు దిగి వచ్చి, గోడకు తల ఆనించి కూర్చుని చాయ తాగి, అక్కడే చాప మీద ఒరిగేవాడు. వెలుగు పడితే నిద్ర పట్టదని, ఉన్న ఒక్క కిటికీకి గోనెసంచి పెట్టి మేకులు కొట్టాడు. ఆ మసక చీకట్లోనే నేను బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని, బట్టలు మడతలు పెట్టేదాన్ని. వంటింట్లోకి పోవాలంటే ఆ గది దాటాలి. గాజులు గలగలమనకుండా మోచేతి వైపుకు జరుపుకుని, గోడ పట్టుకుని నడిచేదాన్ని.

ఇప్పుడు ఆ గదిలో బల్బు రాత్రింబవళ్లు వెలుగుతూ ఉంటుంది. మా అత్తమ్మ ఈరమ్మ ఆర్పనివ్వదు.

నిరుడు వానకాలంలో ఒకనాడు ఆయన పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు దవాఖానలో. ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. ఆ రోజు నేనూ అత్తమ్మా ఆ గదిలోంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం, నిద్ర పాడవుతుందని అడుగు చప్పుడు కాకుండా. సాయంత్రం చాయ పెట్టి లేపబోతేగానీ తెలియలేదు. దినాల్లో నా గాజులు తీయనివ్వని అత్తమ్మ, దినాలు అయిపోగానే తెల్లటి పెద్ద బల్బు తెప్పించి పెట్టించింది. "లైటుంటే తెలుస్తుండె బిడ్డా. గా చీకటే మింగింది నా కొడుకును" అంది. కరెంటు పోతే ఆ గదిలో దీపం పెట్టుకుని కూర్చునేది. నేను ఎదురు చెప్పలేదు. ఆమె కన్నతల్లి.

నేను చెప్పదలచుకున్నది ఫొటోల ప్రేమావతి సంగతి. ఆమె సంగతి చెప్పాలంటే ఈ బల్బు సంగతి ముందు చెప్పక తప్పలేదు.

మా మామిడిపల్లి చుట్టుపక్కల ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్లకు, ఇళ్లు చూపించే బ్రోకర్లకు ప్రేమావతి తెలియకుండా ఉండదు. నలభై దాటిన మనిషి. స్కూటీ ముందర కెమెరా సంచి, వెనకాల తాడుతో కట్టిన మూడుకాళ్ల స్టాండు. ఎక్కడ గది ఖాళీ అయితే అక్కడికి పోయి ఫొటోలు తీస్తుంది. ఎయిర్‌పోర్టులో పని చేయడానికి వేరే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆ ఫొటోలు ఫోన్లో చూసి గది మాట్లాడుకుంటారు. ఇక్కడి గదులు చాలావరకు ఇరుకు. పక్క గోడకు పక్క గోడ ఆనుకుని కడతారు, కిటికీ తెరిస్తే ఎదుటి ఇంటి గోడే. పగలే చీకటి. ఆ చీకటి గదిని వెలుగు గదిగా చూపించడమే ప్రేమావతి పని. "ప్రేమావతి ఫొటో తీస్తే బాత్రూం గూడ హాల్ లెక్క కనిపిస్తది" అని నవ్వుకుంటారు జనం. ఒకసారి ఒక కిరాయిదారు గదిలో సామాను దింపుకుని, ఆమె ఎదురైతే నిలదీశాడట. "ఏమమ్మా, గా ఫొటోల ఉన్న రూమేది?" అంటే, "గదే రూము అన్నా. ఫొటోల నువ్వు నిలబడలేదు గదా, అందుకే జర పెద్దగ కనిపించింది" అందట. అతను తిట్టబోయి నవ్వేశాడట.

ఆమెకు ఈ పని తండ్రి తోమాసు నుంచి వచ్చింది. తోమాసుకు గగన్‌పహాడ్‌లో రోడ్డు పక్కనే చిన్న ఫొటో స్టూడియో ఉండేది. అక్కడి ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరినవాళ్లందరూ గుర్తింపు కార్డుకు ఆయన దగ్గరే ఫొటో దిగేవారు. ప్రేమావతి చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన గొడుగు లైటు పట్టుకుని నిలబడేది. ఫిలిం మీద సన్న పెన్సిల్‌తో దిద్ది ముఖం మీది మచ్చలు, మడతలు తీసేయడంలో తోమాసుకు మంచి పేరు. కూతురికి కూడా నేర్పాడు. ఫోన్లు వచ్చాక స్టూడియోకు ఎవరూ రావడం మానేశారు. తండ్రి పోయాక షట్టర్ దించేసి, కోఠీలో పాత కెమెరా ఒకటి కొనుక్కుని ఈమె ఇళ్ల ఫొటోల మీద పడింది. పెన్సిల్ పోయి కంప్యూటర్ వచ్చింది గానీ, దిద్దే అలవాటు మాత్రం పోలేదు.

మా ఇంటికి ఆమె రావడానికి కారణం మా బావ మల్లేశ్వర్. మా ఆయనకు అన్న, కందుకూరులో ఉంటాడు. చెడ్డవాడు కాదు. "శోభా, నడిమి గది గోడ కొట్టేసి, జరిపి కట్టిస్తే రెండు రూములైతయ్. కిరాయి వస్తది. నీకూ అమ్మకూ ఆసరా ఉంటది" అన్నాడు. నిజమే. నేను సరేనన్నాను. కొట్టేసే గోడ ఆయన తల ఆనించి కూర్చున్న గోడే అని ఆ రాత్రిగానీ నాకు తట్టలేదు.

ఆ గోడకు మనిషి కూర్చున్న ఎత్తులో నూనె మరక ఉంటుంది. ఆయన తలకు కొబ్బరినూనె బాగా పెట్టేవాడు. రోజూ అదే చోట ఆనించి, ఆనించి, తల ఆకారమే దిగింది. నేను సర్ఫు నీళ్లతో తుడిచేదాన్ని, మళ్లీ వచ్చేది. "నీ తల గోడకు అంటిపోయింది పో" అని తిట్టేదాన్ని. "గోడ నన్ను వట్టుకుంది, నేనేం జెయ్యాలె" అనేవాడు. బల్బు వెలుగులో ఆ మరక కనిపించదు. ఎదురుగా వెలుగు పడితే గోడంతా ఒకటే తెలుపు. సాయంత్రంపూట లైటు లేకుండా, పడమటి వాకిట్లోంచి వచ్చే వెలుగు పక్కవాటుగా పాకితేనే తేలుతుంది. అప్పటికి పదకొండు నెలలుగా ఎవరూ ఆ గదిలో బల్బు ఆర్పలేదు. అందుకే నేనూ దాన్ని చూడలేదు.

గోడ పోతుంది, ఫొటో అయినా ఉండాలనుకున్నాను. నా ఫోన్‌తో తీశాను. బల్బు కింద తీస్తే ఏమీ లేదు. ఒకసారి అత్తమ్మ గుడికి పోయినప్పుడు గబగబా ఆర్పి తీస్తే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు వచ్చింది. గోడేదో చాపేదో తెలియలేదు. అప్పుడు ప్రేమావతిని పిలిచాను.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె బల్బు ఆర్పబోతే అత్తమ్మ స్విచ్‌బోర్డుకు అడ్డం నిలబడింది. "నీ ఫొటో కోసం నా ఇల్లు చీకటి చేస్తవా?" అంది. ప్రేమావతి మొండికి పోలేదు. బల్బు వెలుగులోనే, కెమెరా మీద ఇంకో లైటు పెట్టి, నాలుగు ఫొటోలు కొట్టుకుని పోయింది. ఆ గది ఫొటో ఎందుకు కావాలో నేనూ చెప్పలేదు. గోడ గురించి పరాయి మనిషికి ఎట్లా చెప్పాలి?

ఫొటో తయారు చేసి తెచ్చేసరికి పనులు దగ్గరికొచ్చాయి. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ గోడ కొట్టడానికి వస్తున్నాడు. గదిలో సామానంతా తీసేయమని బావ చెప్పి పోయాడు. చాపా, గోనెసంచీ మాత్రం మిగిలాయి. మధ్యాహ్నం దాటి చాలా సేపైంది. ప్రేమావతి ఎక్కడో పని ముగించుకుని వస్తూ వస్తూ స్కూటీ వాకిట్లో ఆపి, కవర్లోంచి పెద్ద ఫొటో తీసి నా చేతిలో పెట్టింది.

"ఎట్లుంది శోభా? హీరోయిన్ ఇల్లు లెక్క లేదూ?"

తెల్లగా మెరుస్తున్న గది. గోనెసంచి కూడా పరదాలాగా ఉంది. గోడ పాలతో కడిగినట్టుంది. ఎక్కడా ఏమీ లేదు.

"ఇది మా ఇల్లు కాదక్కా" అన్నాను.

"మీ ఇల్లు కాకపోతే ఎవరిల్లు? నేనేమన్న వేరే ఇంట్ల తీసిన్నా?"

"ఇక్కడ మరక ఉండాలె."

"ఏ మరక? గోడకు జిడ్డున్నట్టు కొద్దిగ కనిపించింది. లైటు గుద్దుకుని గా చోటంత మెరిసింది. బాగలేదని తుడిచేసిన. నీకు ఫ్రీగనే చేసిన, ఇంకా మాటలంటున్నవా?"

"అది ఆయన తల అక్కా."

ఆమెకు అర్థం కాలేదు. నేను గోడ దగ్గరికి పోయి చేత్తో చూపించాను. ఎక్కడ ఆనేవాడో, ఏం జరిగిందో, రేపు గోడ ఏమవుతుందో చెప్పాను. చెప్పింది నాలుగు మాటలే. అత్తమ్మ ముందు గదిలో కూర్చుని వింటోంది.

ప్రేమావతి కాసేపు ఫొటో వైపు చూసింది. దాన్ని తిరగేసి పెట్టి, అక్కడే బండల మీద కూర్చుంది.

"మా అమ్మకు కనుబొమ్మ మీద కోసుకుపోయిన గాటు ఉండె" అంది. "చిన్నప్పుడు బావికాడ పడ్డదంట. అమ్మ పోయినంక మా బాపు ఆమె ఫొటో పెద్దగ చేసిండు. గా గాటు తీసేసిండు, అందంగ ఉండాలని. ఇప్పుడు ఏ కనుబొమ్మ మీద ఉండెనో నాకు యాదికి లేదు శోభా. ఎడమదా కుడిదా. ఉన్న ఫొటోలన్ని బాపు చేతులకెళ్లి వచ్చినయే. ఎవర్ని అడగాలె?"



ఆమె లేచి వాకిట్లోకి పోయి పడమటి దిక్కు చూసింది. ఎండ ఎదురింటి నీళ్ల ట్యాంకు అంచు దాకా దిగింది. "జల్ది చెయ్యాలె" అంటూ స్కూటీ మీది తాడు విప్పింది.

మూడుకాళ్ల స్టాండు తెచ్చి గదిలో పెట్టింది. మా ఇంట్లో నేలకు పాత షాబాదు బండలు. కొన్ని కదులుతాయి. ఒక్కో బండ మీద కాలు మోపి చూస్తూ, కదలని చోటు వెతికి స్టాండు కాళ్లు దింపింది. "ఇంట్ల బరువుది ఏమన్న ఉందా?" అంటే జొన్నల సంచి ఇచ్చాను. దాన్ని స్టాండు నడుమ కొక్కానికి వేలాడదీసింది. ఇరుకు గదంతా పట్టే వెడల్పు కన్నున్న లెన్సు కెమెరాకు బిగించింది. కెమెరా మీద చెయ్యి పడితే అదురుతుందని, నొక్కడానికి చివర మీట ఉన్న వైరు తగిలించింది.

"చీకట్ల కెమెరా కన్ను శానాసేపు తెరిచి పెట్టాలె" అని చెప్పింది నాకు. "అంతసేపు వెలుగు తాగుతది. కాని అంతసేపు ఏదీ కదలొద్దు. కదిలిందంటే చెదిరిపోతది. ఫోనుతోని గిది కాదు." తర్వాత గొంతు తగ్గించి, "ఇగ బల్బు సంగతి నువ్వే చూడాలె" అంది.

అత్తమ్మ అప్పటికే లేచి వచ్చింది. స్విచ్‌బోర్డు కింద పీట వేసుకుని కూర్చుంది.

"ఆర్పద్దు శోభా."

"కొంచెంసేపే అత్తమ్మా."

"దీపాలు వెట్టే యాళ్లయితుంది. ఈ యాళ్ల ఇల్లు చీకటి చేస్తరా ఎవరన్న? గా చీకట్ల నా కొడుకు..."

వాకిట్లో ఎండ ఇంకాస్త జారింది. ప్రేమావతి కెమెరా వెనక నిలబడి నేల చూపులు చూస్తోంది. నా గొంతులోంచి మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

"ఆయన గీ చీకట్లనే బతికిండు అత్తమ్మా. పోయింది ఒక్కనాడే."

అత్తమ్మ నా ముఖం వైపు చూసింది. కొట్టినా కొడుతుందనుకున్నాను. తల మీద కొంగు సర్దుకుని పీట కొంచెం పక్కకు జరిపింది. "నన్ను బయటికి పొమ్మనకుర్రి. నేను ఈడనే కూసుంట" అంది.

నేను ఆమె తల మీదుగా చెయ్యి చాపి స్విచ్ ఆర్పి, కెమెరా వెనక్కి వచ్చి నిలబడ్డాను.

ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత చాప అంచు కనిపించింది. తర్వాత ముందు గది తలుపులోంచి పసుపు వెలుగు గోడ మీద పక్కవాటుగా పాకుతూ వచ్చింది. దాంట్లో, మనిషి కూర్చున్న ఎత్తులో, గుండ్రంగా, కొంచెం నిగనిగలాడుతూ అది తేలింది.

"గదేంది?" అంది అత్తమ్మ.

"ఆయన తల ఆనేది అక్కడనే."

ఆమె దాన్ని ఇంతకు ముందు చూడలేదు. పగలు ఆ గదిలో కొడుకు పడుకుని ఉంటే గోడల వైపు ఎవరు చూస్తారు?

"కదలకుర్రి" అని ప్రేమావతి వైరు నొక్కింది. టక్కుమంది. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు మేం. అంతలోనే దూరంగా మోత మొదలైంది. మా ఇల్లు విమానాలు దిగే దారి కింద. మోత ఇంటి మీదికి వచ్చేసరికి పెంకులు చిటపటలాడాయి, వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి. కాళ్ల కింద బండ సన్నగా వణకడం నాకు తెలిసింది.

"పాయె" అంది ప్రేమావతి. చిన్న తెర మీద చూపించింది. గోడ రెండు గోడలుగా ఉంది. "ప్రభువా, గీ విమానాలకు ఇప్పుడే దిగాలెనా? జర గాలిల తిరగరాదు?"

అది పోగానే రెండోసారి నొక్కింది. ఈసారి విమానం రాలేదు. అత్తమ్మే కదిలింది. పీట మీద నుంచి ముందుకు వంగి, మరక మీద చెయ్యి వేయబోయింది. ఫొటోలో ఆమె చేతి స్థానంలో పొగలాంటిది వచ్చింది.

"అమ్మా, జర ఓపిక పట్టు. తీసినంక ఎంతసేపన్న ముట్టుకో" అంది ప్రేమావతి మెల్లగా. "నా తల్లివి గదా."

"నేనిగ కదల" అంది అత్తమ్మ. రెండు చేతులూ ఒళ్లో పెట్టి, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుంది.

వెలుగు పసుపు నుంచి బూడిద రంగుకు తిరిగింది. మరక ఇంకా ఉంది, కానీ అంచులు చెరుగుతున్నాయి. మళ్లీ మోత. ప్రేమావతి వైరు చేతిలో పట్టుకుని నొక్కకుండా ఆగింది. పెంకులు, గిన్నెలు, బండ. అన్నీ సద్దుమణిగేదాకా ఆగింది. ఆ ఆగినంతసేపూ గోడ మీద వెలుగు తగ్గుతూనే ఉంది. "ఇగ ఇదే ఆఖరు. శానాసేపు తెరుస్త. అమ్మా, ఊపిరి తీసుకో, కాని తల కదపకు" అంది.

టక్కుమంది.

బయట బండి చప్పుడు. వాకిట్లో ఆగింది. ఆ బండి మా బావదని నాకు తెలుసు. నోరు తెరిచి చెప్పాలనుకున్నాను, నాలుక కదిలితే కూడా గోడ అదురుతుందేమో అనిపించింది. చెప్పులు విడిచిన చప్పుడు. వాకిట్లో స్కూటీ అడ్డం ఉందని కాబోలు, పెరట్లోంచి చుట్టి వంటింటి వైపు నుంచి వచ్చాడు, వెలుగుకు అడ్డం రాకపోవడం మా అదృష్టం.

"ఏందిది? లైటెయ్యలే? గింత చీకట్ల ఏం జేస్తున్రు?" అంటూనే చెయ్యి స్విచ్‌బోర్డు మీదికి పోయింది. అలవాటు. మా ఇంట్లో ఇప్పుడు అందరికీ ఉన్న అలవాటే.

ప్రేమావతి ఆపబోయి చేయి చాపితే కెమెరాకు తగులుతుంది. నేను స్విచ్‌కు దూరంగా, కెమెరాకు ఈవల ఉన్నాను.

"ముట్టకు మల్లేశా!"

అత్తమ్మ గొంతు అది. మెడ తిప్పలేదు, చేతులు విప్పలేదు. గోడనే చూస్తూ అంది. "బంద్ ఉండనియ్యి."

బావ చెయ్యి స్విచ్ దగ్గర గాలిలో అట్లాగే ఆగింది. ఏమైందో అర్థం కాక, తల్లినీ నన్నూ చూస్తూ నిలబడ్డాడు. ఆమే కదా ఈ బల్బు ఆర్పితే ఇల్లు పీకి పందిరేసేది.

ఎంతసేపు నిలబడ్డామో. కెమెరా మళ్లీ టక్కుమంది.

ప్రేమావతి తెర వైపు వంగి చూసింది. చూసి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. గది చీకటిగానే ఉంది. చాప ఉంది. గోనెసంచి గోనెసంచిలాగానే ఉంది. గోడ మీద ఆయన తల ఆనిన చోటు ఉంది, పక్కన పీట మీద అత్తమ్మ ఉంది, ఆమె పైన పొగలాగా బావ చెయ్యి ఉంది. నేను రోజూ గాజులు పైకి జరుపుకుని దాటిన గది అది.

"అమ్మ మాట్లాడింది గదా, నోటికాడ జర చెదిరింది" అంది ప్రేమావతి. "సాఫ్ చేసి ఇయ్యనా?"

"ఏం చెయ్యకక్కా."

"ఏం చెయ్యకుండ ఇచ్చుడు నాకు రాదు" అని నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది. "సరే. నేర్చుకుంట."

గోడ సంగతి బావకు అత్తమ్మ చెప్పింది, నేను కాదు. అతను వచ్చి గోడ చూశాడు. అప్పటికి అక్కడ ఏమీ కనిపించడం లేదు, అయినా చాలాసేపు చూశాడు. తమ్ముడి తల ఉన్నచోట అరచెయ్యి ఆనించాడు. తర్వాత మేస్త్రీకి ఫోన్ చేయడానికి వాకిట్లోకి పోయాడు. రేపు రావద్దని చెబుతాడేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. పొద్దున్నే రమ్మని చెప్పాడు. అదే సరైనది.

ప్రేమావతి స్టాండు మడిచి, జొన్నల సంచి నాకు ఇచ్చి, స్కూటీ మీద పోయింది. పక్క ఇళ్లలో ఒక్కొక్కటిగా లైట్లు పడుతున్నాయి. ఎవరింట్లోనో టీవీ మొదలైంది.

"శోభా, దీపాల యాళ్ల దాటుతుంది" అన్నాడు బావ వాకిట్లోంచి.

అత్తమ్మ పీట మీద నుంచి లేవలేదు. ముందుకు వంగి, అందాకా ఆపుకున్న చెయ్యి ఇప్పుడు గోడ మీద పెట్టింది. నేను ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. స్విచ్ నాకు అందేంత దగ్గర్లోనే ఉంది. గాజులు మోచేతి వైపుకు జరుపుకుని, లైటు వేయకుండా అట్లాగే కూర్చున్నాను.